ఉరిమితే లేచే ఇల్లు

ఆ ఏడు మా మళ్ళలో ఉప్పు మూడుసార్లు కరిగిపోయింది.

మాకు పని ఉండేదే ఎండాకాలం నాలుగు నెలలు. సముద్రపు నీళ్ళు కాలవల్లోంచి మళ్ళలోకి వదలాలి. అవి ఎండకి చిక్కబడి అడుగున తెల్లగా పేరుకునేదాకా కాచుకోవాలి. పొడుగు కర్రకి బిగించిన చెక్కపలకతో ఆ ఉప్పుని గట్టుకి లాగి, గుట్ట పోసి, పైన పట్టా కప్పాలి. లోకమంతా వాన ఎప్పుడొస్తుందా అని మొహం పైకెత్తే రోజుల్లో, మేం రాకుండా ఉంటే బాగుండునని మొహం పైకెత్తేవాళ్ళం. ఒక్క గట్టి జల్లు చాలు, ఇరవై రోజుల పని పది నిమిషాల్లో నీళ్ళపాలయ్యేది.

అందుకే ఉప్పుమళ్ళలో వానని తిట్టినన్ని తిట్లు ఇంకెక్కడా ఎవరూ తిట్టి ఉండరు. మా ఇంట్లో మాత్రం ఒక్క తిట్టు వినబడకూడదు. చిన్నప్పుడు తమ్ముడు ఓసారి నోరుజారి "పాడు మబ్బు" అంటే నాన్న వాణ్ణి పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

"ఎవరి బండిరా అది? మీ తాతదా? మబ్బు ఆ దేవుడి బండి. ఎటు కావాలంటే అటు తోలుకుంటాడు. నీ మడి మీంచి పోవద్దనడానికి నువ్వెవడివి?"

నాన్న ఉద్యోగమే ఆకాశం చూడటం. పొద్దున్నే షెడ్డు ముందు నిలబడి, ముక్కు పైకెత్తి, చెవి వెనక చెయ్యి పెట్టి గాలిని వినేవాడు. ఉప్పు ఇవాళే లాగాలా, ఇంకో రెండు రోజులు పేరుకోనివ్వాలా అన్నది ఆయన చెప్పాలి. తొందరపడితే పల్చటి ఉప్పు, అడుగు బురదతో సహా లేచొస్తుంది. ఆలస్యం చేస్తే వాన తినేస్తుంది. మళ్ళ యజమాని ఆయన్ని నలభై ఏళ్ళుగా పెట్టుకున్నది ఆ ఒక్క మాట కోసమే.

దాంతోపాటు నాన్నకి హీబ్రూ వచ్చు. ఉప్పు మనిషికి హీబ్రూ ఏమిటని ఎవరైనా నవ్వితే ఆయనా కలిసి నవ్వేవాడు. కుర్రతనంలో బైబిలు చెప్పే ఓ ముసలి పంతులు దగ్గర నాలుగేళ్ళు వంట చేశాడట. జీతం ఇచ్చుకోలేని పంతులు బదులుగా ఆ భాష నేర్పాడు. ఆ భాషతో పాటు పాటలు వచ్చాయి. వేల ఏళ్ళ కిందటి కవులు దేవుడి మీద కట్టినవి. నాన్న ఏరుకున్నవన్నీ గాలీ వానా ఉన్నవే. పొంగిపోతున్న సముద్రాన్ని గదిమి ఒడ్డు దాటకుండా కూర్చోబెట్టినవాడి గురించి ఒకటి. వడగళ్ళని గాదెల్లో దాచుకుని, తన అవసరానికి తలుపు తీసేవాడి గురించి ఒకటి. నోరు విప్పితే అడవులు విరిగిపడేవాడి గురించి ఒకటి. ఆ చివరిదాన్ని మేం ఉరుము పాట అనేవాళ్ళం. నాన్నకి అదంటే ప్రాణం. ప్రతి ఆదివారం మధ్యాహ్నం మా వసారాలో చుట్టుపక్కల ఇళ్ళ పిల్లలు పంతొమ్మిది మంది చేరేవాళ్ళు. ముందు హీబ్రూలో పాడి, తర్వాత మన మాటల్లో చెప్పేవాడు.

పాటలతో పాటు ఒక పద్ధతి కూడా నేర్పేవాడు. ఉరిమితే లేచి నిలబడాలి. చేతిలోది కింద పెట్టి, తలమీద గుడ్డ ఉంటే తీసి, ఉరుము ఆగేదాకా నోరు మెదపకుండా నిలబడాలి. ఉరుము పాట పాడటానికి నాన్న ఒక్కడే నోరు విప్పచ్చు. "పెద్దాయన మాట్లాడుతుంటే కూర్చుని వింటామా?" అనేవాడు. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ మా ఇంట్లో అంతే. బళ్ళో ఉరిమితే నేనొక్కదాన్నే లేచేదాన్ని. "ఏమ్మా, బయటికెళ్ళాలా?" అని టీచరు అడిగేది. తమ్ముడి పెళ్ళి భోజనాల్లో ఉరిమింది. కలిపిన ముద్ద కంచంలో పడేసి పెళ్ళికొడుకు లేచాడు. అలిగి వెళ్ళిపోతున్నాడనుకుని ఆడపిల్ల తరఫువాళ్ళు నలుగురు పరిగెత్తుకొచ్చి చేతులు పట్టుకున్నారు. వాడు మాట్లాడకూడదు, చెప్పకూడదు. ఆ ఉరుము ఎంతకీ ఆగదు. మరదలు తల వంచుకుని నవ్వుతూనే ఉంది.

ఆ ఏడు ఇంట్లో నాన్న, నేను, ఏడేళ్ళ మా అమ్మాయి, తమ్ముడు, మరదలు ఉండేవాళ్ళం. అమ్మ అప్పటికే లేదు. మా ఆయన ఉప్పు లారీ తోలేవాడు. నెలకి రెండుసార్లు ఇంటికొస్తే గొప్ప.

*

మొదటి వాన ఉప్పు లాగడానికి రెండు రోజులుందనగా పడింది. మధ్యాహ్నం మూడింటికి పడమర నల్లబడింది. ఎక్కడివాళ్ళక్కడ పలకలు వదిలేసి అందరూ షెడ్డులోకి పరిగెత్తుకొచ్చారు. నేనూ మరదలూ అక్కడే కూర్చుని సంచులు కుడుతున్నాం. రేకుల మీద చినుకులు గులకరాళ్ళు కుమ్మరించినట్టు మోగాయి. ఆ మోత మధ్యలో ఉరిమింది.

నాన్న లేచాడు. తమ్ముడు లేచాడు. ఒళ్ళో సంచి దించి నేనూ లేచాను. మరదలు కాస్త వెనకగా లేచింది. కోడలై రెండేళ్ళే, ఇంకా అలవాటు పడలేదు.

"ఏంటయ్యా ఇది, బళ్ళోకి ఇన్‌స్పెక్టరొచ్చినట్టు!" అన్నాడు పొట్టాయన. తమ్ముడి మడి పక్కన మడి అతనిది. అసలు పేరు చెబితే ఎవరూ గుర్తుపట్టరు, అతను కూడా గుర్తుపట్టడని అనుకునేవాళ్ళం. "మా ఆవిడ కేకేసినా నేనింత గబుక్కున లెయ్యను."

"లెయ్యకపోతే ఊరుకుంటుందా మరి?" అన్నాడు తమ్ముడు, పెదవి కదిపీ కదపకుండా.

నాన్న చూసిన చూపుకి వాడు మళ్ళీ బిగుసుకుపోయాడు.

మేస్త్రీ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. కళ్ళ ముందే తెల్లటి మళ్ళు బూడిదరంగు తిరిగిపోయాయి. తెలిసిన తిట్లన్నీ తిట్టి, ఇక మిగల్లేదేమో, నాన్న వైపు తిరిగాడు.

"పెద్దాయనా, మీ పాటల్లో ఉన్నాయనకి నా మాటగా చెప్పండి. బండి కాస్త పక్కకి తోలుకోమనండి. అటు పొలాలవాళ్ళు నోళ్ళు తెరుచుకుని కూచున్నారు."

"ఆయనకి చెప్పేవాళ్ళెవరూ లేరు మేస్త్రీ," అన్నాడు నాన్న. "మనిషన్నవాడు లేని చోట కూడా కురిపిస్తాడు, గడ్డి కోసం. నాకోసం కురిపించాడా, నాకోసం ఆపాడా అని మనం అడక్కూడదు."

"గడ్డి తిని బతకాలన్నమాట," అన్నాడు పొట్టాయన.

అందరూ నవ్వారు. ఎక్కువసేపు నవ్వలేదు.

మళ్ళలోంచి నీళ్ళు తోడి, అడుగు మట్టిని కాళ్ళతో తొక్కి గట్టిపరిచి, మళ్ళీ మొదటికొచ్చాం. ఇరవై రెండు రోజుల తర్వాత రెండో వాన పడింది. ఈసారి షెడ్డులో ఎవరూ తిట్టలేదు, ఎవరూ నవ్వలేదు. ఉరుములు మాత్రం బాగా ఉన్నాయి. నాన్న, తమ్ముడు, నేను లేచి నిలబడ్డాం. మేస్త్రీ మా వంక ఓసారి చూసి మొహం తిప్పుకున్నాడు. ఆ వారమే రెండు కుటుంబాలు మూటలు సర్దుకుని పని వెతుక్కుంటూ వెళ్ళిపోయాయి.

ఇంటి దగ్గర కూడా మాటలు తగ్గిపోయాయి. నవ్వించేది ఒక్క తమ్ముడే. ఓ సాయంత్రం అన్నాలు తింటుంటే ఎక్కడో దూరంగా ఉరిమింది. మా అమ్మాయి అందరికంటే ముందు లేచి నిలబడి, నావైపు వేలు చూపించింది. ఆగాక ఫిర్యాదు చేసింది.

"తాతయ్యా, అమ్మ ఆలస్యంగా లేచింది."

"మీ అమ్మ ముసలిదైపోయిందే, మోకాళ్ళు పట్టేశాయి," అన్నాడు తమ్ముడు. "వచ్చే ఏడు మనిద్దరం చెరో రెక్కా పట్టుకుని లేపాలి."

"నువ్వు మాత్రం నాకంటే ముందు లేచావేంట్రా?" అన్నాను.

వాడు నాన్న వైపు చూసి నవ్వాడు. నాన్న కూడా ఆ రోజు కొంచెం నవ్వాడు.

*

"ఈసారి కరిగితే మళ్ళు మూసేస్తాడట," అని మేస్త్రీ యజమాని మాట మోసుకొచ్చాడు.

అప్పట్నుంచి రోజూ పొద్దున్నే నాన్న చుట్టూ జనం. లాగేద్దామా పెద్దాయనా? ఇవాళ లాగేద్దామా? నాన్న మడిలోకి దిగి, వేలితో గీరి, ఉప్పు మందం చూసి, "ఇంకా రెండు రోజులు," అనేవాడు. మర్నాడు మళ్ళీ అదే మాట. ఆయన తప్పేం లేదు. ఉప్పు నిజంగానే పల్చగా ఉంది.

మూడో రోజు పొద్దున చెవి వెనక చెయ్యి పెట్టినవాడు చాలాసేపు తియ్యలేదు. తర్వాత గట్టిగా అరిచాడు. "లాగండి! అందరూ! సాయంత్రంలోగా గుట్టలు కప్పెయ్యాలి!"

సాయంత్రం దాకా ఆగలేదు మబ్బు. మూడున్నరకల్లా నెత్తిమీదికొచ్చింది. అప్పటికి సగం ఉప్పే గట్టెక్కింది. మామూలుగా అయితే మొదటి ఉరుముకే మేస్త్రీ ఈల వేస్తాడు, అందరూ షెడ్డుకి రావాలి. ఆ రోజు ఈల నోట్లో పెట్టుకుని కూడా వెయ్యలేదు. ఎవరూ వెయ్యమనీ అడగలేదు. అందరి చేతులూ పలకల మీదే ఉన్నాయి.

మరదలు ఒంట్లో బాగోక ఇంటి దగ్గర ఉండిపోయింది. నేను షెడ్డు గుమ్మం పక్కన కూర్చుని ఓ పట్టా చిరుగు కుడుతున్నాను. నాన్న గుమ్మంలో ఉన్నాడు. ఉరిమింది. ఆయన తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని ఉరుము పాట అందుకున్నాడు. నేను పట్టా దించి లేచాను. సూదిలోంచి దారం జారిపోయింది. తల వంచి దాన్నే చూస్తున్నాను. ఒక్కసారిగా సూదీ, నా వేళ్ళూ, కింద మట్టిలో చీమలూ అన్నీ తెల్లగా కనిపించాయి. చప్పుడు ఆ తర్వాత వచ్చింది.

నాన్న పాట చివరిదాకా పాడాడు. తలగుడ్డ చుట్టుకుంటూ, "దగ్గర్లోనే," అన్నాడు.

అవతలి గట్టు మీద పొట్టాయన రెండు చేతులూ ఊపుతున్నాడు. నోరు తెరుచుకుని ఉంది గానీ ఆ దూరానికి మాట వినబడటం లేదు. అతని పక్కన ఎవరూ కనబడలేదు.

తర్వాత వాన పడింది. కప్పిన గుట్టలు నిలిచాయి, మళ్ళలో మిగిలింది కరిగిపోయింది. నేను కుడుతున్న పట్టా మీదే తమ్ముణ్ణి మోసుకొచ్చారు. చిరుగు ఇంకా సగం అలాగే ఉంది.

*

మర్నాడు పూడ్చేటప్పుడు నాన్న ఉరుము పాటే పాడాడు. ఇంకోటి పాడతాడేమో అనుకున్నాను. గొంతు ఎక్కడా జీరపోలేదు. హీబ్రూ అయ్యాక మన మాటల్లో కూడా చెప్పాడు. ఆయన గొంతు నీళ్ళ మీద ఉందనీ, ఆ గొంతుకి ఎదురు లేదనీ, అది ఎవరిని తాకినా మనం చెయ్యగలిగింది వినడమేననీ. మేస్త్రీ వెక్కివెక్కి ఏడ్చాడు. "ఏం గుండె అండీ అది," అని జనం చెప్పుకున్నారు. కొందరు మెచ్చుకుంటూ, కొందరు భయపడుతూ.

మరదలు నాన్న మొహంలోకి ఒక్కసారి చూసింది. మూడో రోజు వాళ్ళమ్మ వచ్చి తీసుకెళ్ళింది. ఊరికి అవతలి కొసన వాళ్ళ ఇల్లు. "ఉండమ్మా," అన్నాను. "ఎందుకు వదినా?" అంది.

నాన్న నాలుగో రోజే పనిలోకొచ్చాడు. ఎవరు పలకరించినా ఒకటే మాట. "ఆయనిచ్చాడు, ఆయన పిలుచుకున్నాడు." అన్నం సరిగ్గా తినడం మానేశాడు గానీ నిటారుగా నడుస్తున్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని నడుస్తున్నాడని నాకు తెలుస్తూనే ఉంది.

అయిదో రోజు నేనొక్కదాన్నే షెడ్డులో ఉండగా పొట్టాయన వచ్చాడు. కాసేపు సంచులు అటూ ఇటూ కదిపాడు.

"ఓ మాట చెబుతానమ్మా. ఎక్కడా అనొద్దు. పరిగెత్తుతుంటే పిడుగు పడిందని మేస్త్రీతో చెప్పా గదా? అబద్ధం."

"మరి?"

"మొదటి ఉరుముకే నేను గట్టు వారన బోర్లా పడుకున్నా. నా ఎత్తుకి పడుకున్నా నించున్నా ఒకటేలే, అయినా పడుకున్నా. నువ్వూ రారా అన్నా. వాడు పలక కింద పెట్టాడు. వస్తున్నాడనుకున్నా. తలగుడ్డ తీసి, షెడ్డు వైపు తిరిగి నిటారుగా నించున్నాడు. కాలు పట్టుకు లాగానమ్మా. పిచ్చోడా, కూర్చోరా, అంతా చదునుగా ఉంది, నువ్వొక్కడివే స్తంభంలా ఉన్నావురా అని మొత్తుకున్నా. విదిలించుకున్నాడు."

కుడిచెయ్యి నా ముందు చాపి, వేళ్ళు ముడిచి తెరిచాడు.

"ఇంకాస్త గట్టిగా పట్టుకోవాల్సింది."

"నువ్వేం చేస్తావు," అన్నాను.

అతను వెళ్ళాక కుట్టు ముందుకి సాగలేదు. కొడుకుని దేవుడు తీసుకున్నాడంటే నాన్న తట్టుకుని నిలబడ్డాడు. వాణ్ణి తీసుకుంది నీ మాటేనంటే? ఆ వయసులో ఆ మాట మోసి ఎన్నాళ్ళు బతుకుతాడు? చెప్పకుండా ఉండిపోదాం అనుకున్నాను. పోయినవాడు ఎలాగూ రాడు. అలా అనుకున్న కాసేపటికి ఆదివారం గుర్తొచ్చేది. వానాకాలం ముందరి ఉరుముల నెల అది. పంతొమ్మిది మంది పిల్లలు. నా పిల్లతో ఇరవై.

*

ఆ ఆదివారం పాఠం మానేస్తాడనుకున్నాను. మానలేదు. పిల్లలు ఎప్పటికన్నా నెమ్మదిగా వచ్చి కూర్చున్నారు. వడగళ్ళ గాదెల పాట చెబుతుండగా దూరంగా ఉరిమింది. పిల్లలందరూ ఒక్కసారి లేచారు. మా అమ్మాయి వసారా దిగి, వాకిలి దాటి, ఎదురుగా ఉన్న ఖాళీ జాగా మధ్యకి పరిగెత్తి నిలబడింది. మొహం పైకెత్తి, చేతులు పక్కకి దించుకుని.

నేనెలా వెళ్ళానో తెలీదు. దాన్ని నేలకేసి అదిమి, మీద పడ్డాను. అది గింజుకుంది. మోకాలు చెక్కుకుపోయి ఏడుపు లంకించుకుంది.

"ఏంటమ్మా ఆ పని?" నాన్న వసారాలోంచి అరిచాడు. "పిల్ల భయం లేకుండా పెరుగుతుంటే నువ్వు నేర్పుతున్నావా భయం?"

"బయటైతే బాగా వినబడుతుందని వెళ్ళా," అంది అది ఏడుస్తూ. "మావయ్యకి భయం లేదు. నాకూ లేదు."

దాన్ని ఎత్తుకుని ఇంట్లోకి తీసుకెళ్ళాను. ఇక ఆలోచించడానికేం మిగల్లేదు.

మర్నాడు పొద్దున నాన్న పెరట్లో స్టూలు మీద కూర్చున్నాడు. ఉప్పు మనుషుల మడమలు పగిలి ఉంటాయి. పనిలోకెళ్ళే ముందు నూనె రాయకపోతే నీళ్ళలో దిగలేరు. రోజూ నేనే రాసేదాన్ని. ఆయన కుడి మడమ నా చేతిలో ఉంది.

"నాన్నా, తమ్ముడు పరిగెత్తుతూ పోలేదు," అన్నాను.

ఆయన కిందకి చూశాడు.

"లేచి నిలబడ్డాడు. పొట్టాయన కాలు పట్టుకుని లాగాడట. అయినా కూర్చోలేదు."

నూనె చుక్క ఒకటి మడమ మీంచి జారి రాతి మీద పడింది. ఇంకోటి పడింది.

"తలగుడ్డ తీశాడా?" అని అడిగాడు.

"తీశాడు."

ఆ మాట ఎందుకడిగాడో ఇన్నేళ్ళయినా నాకు అర్థం కాలేదు. కొడుకు పద్ధతి తప్పలేదని తెలుసుకోవడానికా, వాడు నిలబడింది ఇంకెందుకో అయి ఉంటుందేమోనన్న చిన్న ఆశతోనా? ఆయన మొహంలో రెండూ కనబడలేదు.

"ఆ పాటలో నిలబడమని లేదమ్మా," అన్నాడు.

నేను తలెత్తాను.

"ఏ పాటలోనూ లేదు. చెట్లు విరిగాయని ఉంది. కొండలు గంతులేశాయని ఉంది. మనుషులు లేచి నిలబడాలని ఎక్కడా లేదు."

"మరి ఎక్కడిది?"

"నీకు నాలుగేళ్ళు. ఉరిమితే మంచం కింద దూరేదానివి. ఎంత పిలిచినా బయటికొచ్చేదానివి కాదు. అమ్మ అన్నం గిన్నె అక్కడికే తోసేది. ఓ రోజు నిన్ను బయటికి లాగి, నా పక్కన నిలబెట్టుకుని, పెద్దాయన మాట్లాడుతున్నాడు, లేచి వినాలి అన్నాను. ఏడుపు ఆపేశావు. అంతే. తర్వాత అదే అలవాటైంది. వాడు పుట్టేసరికి ఇంటి పద్ధతైపోయింది."

నా చేతిలోంచి కాలు వెనక్కి తీసుకున్నాడు. రెండో మడమకి నూనె రాయకుండానే చెప్పులేసుకున్నాడు.

"పద."

"ఎక్కడికి?"

"పిల్లల ఇళ్ళకి. నువ్వు కూడా రా. నేనెక్కడైనా మాట మార్చి చెబితే నన్ను ఆపు."

*

పంతొమ్మిది ఇళ్ళు కాదు, అన్నదమ్ములు పోను పదకొండు ఇళ్ళు. ప్రతి గుమ్మంలోనూ ఒకే మాట చెప్పాడు. "ఉరిమితే లేవమని మీ పిల్లలకి నేర్పాను. అది నేను పెట్టింది, పాటలో లేదు. నా కొడుకు దానివల్ల పోయాడు. ఇక మీ పిల్లల్ని లేవనివ్వకండి." ఎక్కడా మాట మార్చలేదు. నేను ఆపాల్సిన పని పడలేదు.

కొందరు కుర్చీ వేశారు. ఆయన కూర్చోలేదు. కొందరు "మీరేం చేస్తారు లెండి, పిడుగు రాసిపెట్టి ఉంది" అన్నారు. అలా అన్నచోటల్లా నాన్న మొదట్నుంచి మళ్ళీ చెప్పాడు. ఒకావిడ మాత్రం లోపలికెళ్ళి కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని, మేం వెళ్ళేదాకా మా మొహం చూడలేదు. ఇంకో తల్లి, "మరి ఉరిమితే ఏం చెయ్యమంటారు?" అని అడిగింది.

"లోపలికి రమ్మనండి. భయమేస్తే మంచం కింద దూరనివ్వండి," అన్నాడు నాన్న.

మేస్త్రీ ఇల్లు పదోది. అతని పిల్లలిద్దరూ పాఠానికొచ్చేవాళ్ళు. అంతా విని, తన జేబులోని ఈలని తడుముకుంటూ, "పాటలు కూడా ఆపేస్తారా పెద్దాయనా?" అన్నాడు.

"పాటలు ఆయనవి. వాటినెవరు ఆపుతారు? నిలబడటం నాది."

పదకొండో ఇల్లు అయ్యాక ఇంటికి మళ్ళుతాడనుకున్నాను. ఊరి చివరికి తిరిగాడు.

"అక్కడ పిల్లలెవరూ లేరు నాన్నా," అన్నాను.

ఆయన నడుస్తూనే ఉన్నాడు. నూనె రాయని మడమ పగుళ్ళలోంచి రక్తం వచ్చి చెప్పుకి అంటుకుంది.

మరదలు వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. మమ్మల్ని చూసి తడిచేతులు కొంగుకి తుడుచుకుంది. ఈ పది రోజుల్లో మొహం పీక్కుపోయింది. "రండి," అంది గానీ గుమ్మంలోంచి పక్కకి జరగలేదు. నాన్న వాకిట్లోనే నిలబడి, పదకొండు ఇళ్ళలో చెప్పిన మాటే చెప్పాడు. చివర ఒక్కటి కలిపాడు.

"నీ మొగుడు నా మాట మీద నిలబడ్డాడమ్మా."

"తెలుసు మామయ్యా."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. ఆయన ఇంకెలా పోతాడు?"

ఆరేసిన చీరలోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆమె దాన్ని దులిపి సరిచేసింది. మా వైపు చూడకుండానే మాట్లాడింది.

"ఆయనకి ఉరుమంటే చచ్చేంత భయం, మామయ్యా. మీ ఎవరికీ తెలీదు. ఇంట్లో మీరుంటే లేచి నిలబడేవాడు. గదిలో మేమిద్దరమే ఉన్నప్పుడు నా చెయ్యి పట్టుకునేవాడు, ఎముకలు నొప్పెట్టేంత గట్టిగా. మీరు ఇంట్లో లేని రోజు దుప్పటి కప్పుకుని పడుకునేవాడు. నేను నవ్వితే, నాన్నకి చెప్పకే అని దణ్ణం పెట్టేవాడు."

అన్నాల దగ్గర వాడు నాన్న వైపు చూసి నవ్విన నవ్వు వేళాకోళం అనుకున్నాను నేను. అక్కనై ఉండి.

"ఆ రోజు మీరెక్కడున్నారు?" అని అడిగింది మరదలు.

"షెడ్డు గుమ్మంలో."

"ఆయన మడి దగ్గర్నుంచి చూస్తే గుమ్మం కనబడుతుందా?"

"కనబడుతుంది."

ఆమె తల ఊపింది. అంతే, ఇంకేమీ అడగాల్సింది లేనట్టు మళ్ళీ బకెట్లోకి వంగింది.

నాన్న రెండడుగులు ముందుకేశాడు. చెయ్యి చాపాడు గానీ పట్టుకోవడానికక్కడ ఏమీ లేదు.

"నేను చూడలేదమ్మా," అన్నాడు. పూడ్చిన రోజున కూడా జీరపోని గొంతు అప్పుడు జీరపోయింది. "పాడేటప్పుడు కళ్ళు మూసుకుంటాను నేను. వాడు లేచాడో కూర్చున్నాడో నేను చూడనే లేదు."

మరదలు బకెట్లోంచి ఇంకో బట్ట తీసి, నీళ్ళు పిండి, తీగ మీద వేసింది.

"ఆ సంగతి అంత దూరం నుంచి ఆయనకెలా తెలుస్తుంది మామయ్యా?" అంది.